వేడెక్కగానే ఆగిపోయే గడ్డికోత యంత్రం

పాఠకుల ప్రశ్నలకు అనంతపురం మెకానిక్ జవాబులు

ప్రశ్న: మా కళాశాల మైదానంలో గడ్డి కోయడానికి కూర్చుని నడిపే యంత్రం ఉంది. గేర్లు ఉండవు. పెడల్ నొక్కితే ముందుకూ వెనక్కూ పోతుంది. హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అంటారట. పొద్దున అరగంట బాగా నడుస్తుంది. తర్వాత పడమటి గట్టు ఎక్కలేదు. మరో పది నిమిషాలకు చదును నేల మీద కూడా ఆగిపోతుంది. ఇంజిన్ శబ్దంలో మాత్రం తేడా ఉండదు. గంటసేపు నీడలో ఉంచితే మళ్లీ కదులుతుంది. ఆయిల్ తగ్గిందేమోనని ట్రాక్టరు గేర్‌బాక్సులో వాడే 90 నంబరు ఆయిల్ కొంత పోశాం. గుణం లేదు. ట్రాన్స్‌మిషన్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చక తప్పదా?
– మైదానం పర్యవేక్షకుడు, కడప

జవాబు: ఇప్పుడే మార్చకండి. మార్చవలసి రావచ్చు కూడా. కానీ ఆ నిర్ణయానికి ముందు చూడవలసినవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ట్రాన్స్‌మిషన్ పెట్టె బయటే ఉన్నాయి.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ‘అరగంట బాగా నడుస్తుంది’ అన్నది. మామూలు గేర్‌బాక్సులో పళ్లు పళ్లను తిప్పుతాయి. ఇక్కడ ఆ పని నూనె చేస్తుంది. ఇంజిన్ నుంచి వచ్చే బెల్టు ఒక పంపును తిప్పుతుంది. ఆ పంపులోని చిన్న పిస్టన్లు ఒక వాలు పలకకు ఆనుకుని తిరుగుతూ నూనెను తోస్తాయి. ఆ నూనె పక్కనే ఉన్న మోటారును తిప్పి, మళ్లీ పంపుకే వస్తుంది. మోటారు తిరిగితే చక్రాలు తిరుగుతాయి. మీరు పెడల్ నొక్కేకొద్దీ పలక వాలు పెరుగుతుంది, నూనె ఎక్కువగా పోతుంది, వేగం పెరుగుతుంది. పలక అవతలి వైపు వాలితే యంత్రం వెనక్కు నడుస్తుంది. వాలే లేకపోతే నిలబడుతుంది.

పిస్టన్‌కూ దాని గదికీ మధ్య సందు తల వెంట్రుక కన్నా సన్నం. అది అరిగి పెరిగితే నూనె ముందుకు పోకుండా సందులోంచి వెనక్కు జారుతుంది. వాషరు అరిగిన మందు పంపును వేరుశనగ చేలో భుజాన మోసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చేయి ఎంత ఆడించినా నాజిల్ దగ్గర జోరుండదు. నూనె చల్లగా, చిక్కగా ఉన్నంతసేపు అరిగిన పంపు కూడా ఎలాగో లాగుతుంది. బాణలిలో నూనె కాగాక ఎంత పలుచబడుతుందో మీరు చూసే ఉంటారు. పెట్టెలోనూ అదే జరుగుతుంది.

కనుక మీ పంపు అరిగి ఉండవచ్చు. లేదా పంపు బాగానే ఉన్నా, బయటి కారణం వల్ల పెట్టె మితిమీరి కాగుతూ ఉండవచ్చు. బెల్టు జారుతూ ఉన్నా లక్షణాలు ఇలాగే కనిపిస్తాయి. నాలుగేళ్ల కిందట గుంతకల్లు వైపు నుంచి మా షెడ్డుకు ఒక యంత్రం వచ్చింది. అప్పటికే మరోచోట ట్రాన్స్‌మిషన్ మార్పించారు. అయినా గట్టు ఎక్కడం లేదు. చూస్తే ఇంజిన్ సీలు నుంచి నూనె కారి బెల్టు తడిసిపోయింది. సీలు, బెల్టు మార్చగానే నడిచింది. అంత డబ్బు ఊరికే పోయిందని తెలిసినప్పుడు ఆ పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక పరీక్ష చేయండి. యంత్రం మొరాయించే స్థితికి వచ్చాక, బ్లేడ్లు ఆపేసి, ఒకరు సీటులోనే కూర్చుని పెడల్ మెల్లగా నొక్కాలి. మరొకరు చేతులు పెట్టకుండా పక్కకు నిలబడి, ట్రాన్స్‌మిషన్ మీది పుల్లీని, దానితో తిరిగే ఫ్యానును చూడాలి. పెడల్ నొక్కగానే ఫ్యాను నెమ్మదిస్తే బెల్టు జారుతున్నట్టు. ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూనే చక్రాలు కదలకపోతే లోపం అక్కడి నుంచి చక్రాల దాకా ఎక్కడో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి.

బెల్టు జారుతుంటే, ఇంజిన్ ఆపి స్పార్క్ ప్లగ్గు వైరు తీసి చూడండి. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నాయా, బెల్టును బిగువుగా ఉంచే ఐడ్లర్ పుల్లీని లాగే స్ప్రింగు సాగిపోయిందా, పుల్లీ గాడిలో గడ్డి అట్టకట్టిందా గమనించండి.

ఫ్యాను బాగా తిరుగుతుంటే ముందుగా దాని రెక్కలు చూడండి. చాలా యంత్రాల్లో అవి ప్లాస్టిక్‌వి. రెండు విరిగినా గాలి చాలదు. తర్వాత పెట్టె మీది చల్లబరిచే పలకలు. మన ఎర్రదుమ్ము, నలిగిన గరిక, కారిన నూనె కలిసి వాటి మీద పిడకలా గట్టిపడతాయి. పెట్టె పూర్తిగా చల్లారాక చెక్కపుల్లతో గీకి, బ్రష్షుతో దులపండి. నీళ్లు జోరుగా కొట్టకండి, సీళ్ల గుండా లోపలికి పోతాయి. బైపాస్ లివర్ పూర్తిగా మూసుకుందో లేదో కూడా చూడండి. యంత్రాన్ని చేత్తో తోయడానికి ఉన్న లివర్ అది. అది సగం తెరుచుకుని ఉన్నా నూనె మోటారుకు చేరకుండా అడ్డదారిన తిరిగి వస్తుంది. బ్రేకు పట్టి ఉన్నా పెట్టె కాగుతుంది.

ఇక మీరు పోసిన ఆయిల్ సంగతి. అది తీసేయవలసిందే. 90 నంబరు గేర్ ఆయిల్ గేర్ పళ్ల కోసం చేసింది, ఈ పంపుకు తగినది కాదు.  చాలా చిన్న పెట్టెల్లో 20డబ్ల్యూ50 ఇంజిన్ ఆయిలే వాడతారు. కానీ నా మాట మీద పోయకండి, మీ యంత్రం పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి. కొన్ని పెట్టెలకు ఆయిల్ తీసే బిరడా ఉండదు. పెట్టెను కిందికి దించి తలకిందులు చేయాలి. ఆ పని అలవాటున్నవారితో చేయించండి.

కొత్త ఆయిల్ పోశాక గాలి తీయాలి. చాలామంది ఇది చేయకుండానే ‘ఆయిల్ మార్చినా లాభం లేదు’ అంటారు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక చక్రాలు నేలకు తగలకుండా స్టాండ్ల మీద నిలపండి. ఇటుకల మీద మాత్రం నిలపకండి, పగిలిపోతాయి. బైపాస్ తెరిచి, ఇంజిన్ నెమ్మదిగా తిప్పుతూ పెడల్‌ను మెల్లగా ముందుకూ వెనక్కూ ఐదారుసార్లు నొక్కండి. ఇంజిన్ ఆపి, బైపాస్ మూసి, మళ్లీ ఇంజిన్ వేసి అలాగే చేయండి. మట్టం తగ్గుతుంది. చల్లారాక చూసి పోయండి.

ఇంకో అలవాటు మార్చుకోవాలి. పెట్రోలు ఆదా అవుతుందని ఇంజిన్‌ను తక్కువ వేగంలో ఉంచి గడ్డి కోస్తుంటారు. ఫ్యాను తిరిగేది ఇంజిన్ వేగంతోనే. ఇంజిన్ తగ్గితే గాలీ తగ్గుతుంది. కోసేటప్పుడు ఇంజిన్‌ను పూర్తి వేగంలో ఉంచి, యంత్రం నడకను పెడల్‌తో తగ్గించండి. కడపలో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కనుక ఆ రోజుల్లో తెల్లవారుజామునే పని ముగించండి. వానల తర్వాత ఏపుగా పెరిగిన గడ్డిని ఒకేసారి నేలబారుగా కోయకుండా రెండు విడతల్లో కోయండి.

ఇవన్నీ సరిచేశాక కూడా అరగంటకే ఆగిపోతే పంపు లోపల అరిగినట్టే. అప్పుడు మీ మెకానిక్ మాట నిజం. చిన్న యంత్రాల్లో ఆ భాగాలు విప్పి బాగుచేయడం చాలాసార్లు గిట్టుబాటు కాదు.

ప్రశ్న: పెడల్ మీది నుంచి కాలు తీసినా మా యంత్రం మెల్లగా ముందుకు పాకుతోంది. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ప్రమాదమేనమ్మా. సరిచేసేదాకా ఇంజిన్ నడుస్తుండగా దిగకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. పెడల్‌ను పెట్టెకు కలిపే కడ్డీ సర్దుబాటు తప్పింది, లేదా పెడల్‌ను వెనక్కు లాగే స్ప్రింగు బలం తగ్గింది. కడ్డీ చివరి బోల్టు వదులైనా ఇలాగే ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు చక్రాలు పూర్తిగా నిలిచేదాకా కడ్డీ పొడవు సర్దాలి. మెకానిక్‌కు పెద్ద పని కాదు. పెట్టె విప్పాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: ఇంజిన్ ఆగిపోతే యంత్రాన్ని ట్రాక్టరుకు కట్టి షెడ్డుదాకా లాక్కొచ్చాం. అప్పటి నుంచి పెట్టెలో మూలుగు వినిపిస్తోంది.
– ఒక రైతు, తాడిపత్రి

జవాబు: బైపాస్ తెరవకుండా లాగి ఉంటారు. అప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి, నూనె పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. బైపాస్ తెరిచినా అది చేత్తో కొద్ది దూరం తోయడానికే, తాడు కట్టి లాగడానికి కాదు. ఇకపై ట్రాలీలో ఎక్కించి తీసుకురండి. ప్రస్తుతానికి ఆయిల్ మట్టం చూసి, పైన చెప్పినట్టు గాలి తీయండి. మూలుగు తగ్గకపోతే యంత్రాన్ని నడపకుండా ఆపి, నాకు మళ్లీ రాయండి. శబ్దం పెడల్ నొక్కినప్పుడే వస్తోందా, వదిలినా వస్తోందా అన్నది తప్పకుండా చెప్పండి.