రోజంతా ఎండలో పనిచేసే నాన్నకి డి విటమిన్ తక్కువెందుకు? అది పెంచితే షుగరు తగ్గుతుందా?

మీ నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో హమాలీ, రోజంతా బయటే పని, అయినా డి విటమిన్ 17 ఎలా వచ్చిందని అడిగారు. మూడు నెలల షుగరు (HbA1c) 6.1 ఉంది, డి మాత్రలు వేస్తే అదీ దిగుతుందా అన్నది మీ రెండో ప్రశ్న. మా నాన్న అదే యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోశారు, అమ్మ తొడిమెలు తీసే పనికి వెళ్లేది. ఇద్దరినీ పరీక్షలకి తిప్పినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

ఎండలో పనిచేయడం వేరు, ఒంటికి ఎండ తగలడం వేరు. మిర్చి ఘాటుకి ముక్కూ మూతీ కలిపి తువ్వాలు చుడతారు, పొడుగు చేతుల చొక్కా, నెత్తిన గోనెపట్టా. ఇక బయటికి కనిపించేది కళ్లూ వేళ్లూ. చర్మంలో డి తయారయ్యేది ఎండలో ఉండే యూవీబీ అనే కిరణాలతో, అవి గట్టిగా ఉండేది పది నుంచి మూడింటి మధ్య. ఆ టైములో నాన్న ఎక్కువగా షెడ్డు కిందే కాటాల దగ్గర ఉండేవారు. లారీ లోడింగు సాయంత్రం మొదలైతే రాత్రి దాకా సాగేది. అమ్మకైతే డి 11 వచ్చింది, గోడౌన్‌లో కూర్చునే పని మరి. తిరుపతి డాక్టర్లు 2007లో ప్రచురించిన పరిశీలనలో పల్లెవాళ్లకి టౌనువాళ్లకన్నా డి మెరుగ్గానే ఉంది, కానీ లోపం పల్లెల్లోనూ బాగానే కనిపించింది. తిండిలో కాల్షియం తక్కువని కూడా తేలింది.

షుగరు సంగతికొస్తే, డి మాత్రల మీద ఆశ పెట్టుకోకండి. అమెరికాలో మీ నాన్నగారిలా షుగరు బోర్డర్‌లో ఉన్న (మామూలు కన్నా ఎక్కువ, కానీ ఇంకా జబ్బు కాని) 2,400 మందికి పైగా తీసుకుని, సగం మందికి రోజూ 4,000 యూనిట్లు ఇచ్చి చూశారు. 2019లో ఫలితం వచ్చింది: షుగరు జబ్బు రావడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పొట్ట పెరిగినవాళ్లకి రక్తంలో డి తక్కువ చూపిస్తుంది, షుగరూ వాళ్లకే ఎక్కువ వస్తుంది. అందుకే రెండూ జంటగా కనిపిస్తాయి.

మా ఇంట్లో అసలు కథ తిండిది. మోకాళ్లు నొప్పులు మొదలయ్యాక నాన్న మోత మానేసి ముఠా మేస్త్రీ అయ్యారు. మోత తగ్గింది, క్యారియర్ మాత్రం అదే. అడుగు గిన్నె నిండా అన్నం, పై గిన్నెలో కాస్త పప్పుచారు, ముద్దకి సరిపడా పచ్చడి. మధ్యలో పంచదార దండిగా వేసిన టీలు. "అన్నం తగ్గిస్తే ఒంట్లో సత్తువ ఎక్కడ్నుంచి వస్తదమ్మా" అనేవారు. ఆయన భయం నిజమైనదే, ఆ అన్నం బలం మీదే కదా ఇల్లు నడిచింది. అందుకని అమ్మ ఒకేసారి తగ్గించలేదు. ముందు టీలో పంచదార మానిపించింది, తర్వాత గుడ్డు, చిక్కటి పెసరపప్పు, పెరుగు పెంచుతూ అన్నం సగానికి తెచ్చింది. షుగరు మళ్లీ బోర్డర్ కిందకి దిగింది.

మీ నాన్నగారి నడుం కొలవండి, ప్యాంటు సైజు లెక్క కాదు, చొక్కా తీసి టేపుతో. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే మనవాళ్లలో ఎక్కువే.

డి 17 అంటే లోపమే, 20 కన్నా తక్కువ కదా. ఎముకలకీ కండరాలకీ అది సరిచేయాలి. మామూలుగా 60,000 యూనిట్లది వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. వారానికి వేసుకోవాల్సింది రోజూ మింగేవాళ్లని చూశాను, అది ప్రమాదం. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీలో రాళ్ల దాకా పోతుంది. ఎండాకాలం చెమటతో నీరంతా పోయేవాళ్లకి ఇంకా జాగ్రత్త కావాలి. డాక్టర్ రాసినన్ని వారాలే, అన్నం తిన్నాక వేయండి.

డాక్టర్‌ కోసం కూలి పోతుందని ఆగొద్దు. 30 దాటినవాళ్లకి బీపీ, షుగరు మీ దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చూస్తారు, యార్డు సెలవు చూసుకుని తీసుకెళ్లండి. రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఉంటే అవి కూడా ఇక్కడ రాయండి, డాక్టర్‌ని ఏమేం అడగాలో చెబుతాను.