‘సమర్థవంతమైన అల్గారిథం’ అనవచ్చా?

సందేహం: గణితం, గ్రాఫిక్స్, ఇంజనీరింగ్ సమస్యలకు వాడే అల్గారిథమ్‌ల మీద, అంటే కంప్యూటర్ అంచెలంచెలుగా లెక్క తేల్చే పద్ధతుల మీద, తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ‘సమర్థవంతమైన అల్గారిథమ్‌లు’ అని శీర్షిక పెడితే, ‘సమర్థమైన’ అనాలని ఒక మిత్రుడు దిద్దారు. అందరూ రాసేదే కదా, నిజంగా తప్పేనా? అల్గారిథం, లాగరిథం ఒకే మాట నుంచి పుట్టాయా? మొదటిదానికి బహువచనం ఎలా రాయాలి?

సమాధానం: మీ మిత్రుడు దిద్దింది సరైనదే. ‘వంతం’ నామవాచకం మీద చేరి, అది ఉందని చెబుతుంది. బలం ఉన్నవాడు బలవంతుడు, వేగం ఉన్నది వేగవంతం. ‘సమర్థ’ నామవాచకం కాదు, విశేషణం. సమర్థుడు అంటేనే పని చేయగలవాడు. అనుమానం వచ్చినప్పుడు ‘వంతమైన’ తీసేసి ‘గల’ పెట్టి చూడండి. వేగం గల, శక్తి గల అనడం నోటికి సాఫీగా వస్తుంది. ‘సమర్థం గల’ అని ఎవరూ అనరు, ‘సామర్థ్యం గల’ అంటారు. శక్తివంతమైన, విజయవంతమైన లాంటి మాటలు విని విని, ‘సమర్థవంతమైన’ కూడా ఆ వరసలో కలిసిపోయింది. మాటల్లో దొర్లితే నేను పట్టించుకోను. పాఠంలో, అందులోనూ శీర్షికలో, దిద్దుకోవడమే మంచిది.

అయితే మీ శీర్షిక చూసి నేను ఎక్కువగా ఆలోచించింది వ్యాకరణం గురించి కాదు, అర్థం గురించి. ఆ పద్ధతి పని చేయగలదని చెప్పదలచుకున్నారా, తక్కువ శ్రమతో చేస్తుందని చెప్పదలచుకున్నారా? ‘సమర్థ’ ప్రధానంగా మొదటిదే చెబుతుంది. మీకు కావలసింది రెండోది.

గ్రాఫిక్స్ నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. కంప్యూటర్ తెర అంతా చిన్న చిన్న గడులే, ఒక్కో చుక్క ఒక్కో గడిని నింపుతుంది. తెర మీద ఒక చుక్క నుంచి కుడివైపు 7 గడులు, పైకి 3 గడులు అవతల ఉన్న చుక్కకు గీత గీయాలి. రెండు గడుల మధ్యలో చుక్క పెట్టలేం కాబట్టి, కుడికి జరిగిన ప్రతిసారీ అదే వరసలో ఉండాలా, ఒక వరస పైకి ఎక్కాలా అన్నది తేల్చుకోవాలి. ప్రతి గడి దగ్గరా 3ని 7తో భాగించి, దశాంశాలు లెక్కకట్టి, దగ్గరి అంకెకు సవరించుకుంటూ పోవచ్చు. గీత వస్తుంది. ఆ పద్ధతి సమర్థమైనదే, అనుమానం లేదు.

ఐబీఎం కంప్యూటర్ సంస్థలో పనిచేసిన జాక్ బ్రెసెన్‌హమ్ 1962లో వేరే దారి కనిపెట్టాడు. ఒక లెక్క 0 దగ్గర మొదలుపెట్టండి. కుడికి జరిగినప్పుడల్లా దానికి 3 కలపండి. వచ్చినదాని రెట్టింపు 7 దాటితే ఒక వరస ఎక్కి, లెక్కలోంచి 7 తీసేయండి. మొదటి అడుగులో 3, రెట్టింపు 6, ఎక్కనక్కర్లేదు. రెండో అడుగులో 6, రెట్టింపు 12, ఎక్కాలి. లెక్క -1 అవుతుంది. కాగితం మీద కొనసాగించండి. రెండు, నాలుగు, ఆరు అడుగుల్లో ఎక్కుతారు, ఏడో అడుగులో లెక్క మళ్లీ సరిగ్గా 0కి వచ్చి మూడో వరసలో ఆగుతుంది. భాగహారం లేదు, దశాంశం లేదు. గీత అదే, పని తగ్గింది. ఈ తేడాను ‘సమర్థమైన’ అన్న మాట పట్టుకోలేదు.

దీనికి భౌతికశాస్త్ర పాఠాల్లో మనకు మంచి మాట ఉంది: దక్షత. యంత్రానికి ఇచ్చిన శక్తిలో ఎంత భాగం పనికొచ్చే పనిగా మారిందో చెప్పేది అదే. ‘సామర్థ్యం’ అక్కడ వేరే దానికి ఖాయమైపోయింది. సెకనుకు ఎంత పని జరిగిందన్నది, వాట్లలో కొలిచేది, సామర్థ్యం. మీ పాఠకుల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు ఉంటారు కాబట్టి ‘సామర్థ్యం గల అల్గారిథం’ అంటే వాళ్లు తికమక పడతారు. శీర్షికలో ‘దక్షత గల’ అనండి. వివరణలో మాత్రం ‘పొదుపైన’ అన్న మాట వాడమని గట్టిగా చెబుతాను. పొదుపు అనగానే ‘దేంట్లో?’ అని పాఠకుడు అడుగుతాడు. కాలమా, మెమరీయా అన్నది మీరు చెప్పక తప్పదు. చాలాచోట్ల ఒకటి మిగిలితే రెండోది ఎక్కువ ఖర్చవుతుంది కూడా.

ఇక రెండో ప్రశ్న. అల్గారిథం, లాగరిథం చుట్టాలు కావు. మొదటిది ఒక మనిషి పేరు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెలతో లెక్కలు చేసే తీరు వివరించాడు. అది లాటిన్‌లోకి వెళ్లినప్పుడు ఆయన పేరు ‘అల్గోరిత్మి’ అయింది. రెండోది స్కాట్లాండ్ గణితవేత్త జాన్ నేపియర్ 1614లో గ్రీకు మాటలతో కూర్చుకున్నది: లోగోస్ అంటే నిష్పత్తి, అరిథ్మోస్ అంటే సంఖ్య. ఆ గ్రీకు మాట ప్రభావంతోనే ఖ్వారిజ్మీ పేరు చివర కూడా ‘రిథం’ అని మారింది. పోలిక అక్కడి నుంచి వచ్చిందే.

పుట్టుకలో సంబంధం లేకపోయినా పనిలో ఈ రెండూ తరచూ కలుస్తాయి. లాగరిథాన్ని మనం సంవర్గమానం అంటాం. 1,024ని 1 వచ్చేదాకా 10 సార్లు సగం చేయవచ్చు. 2 ఆధారంగా దాని సంవర్గమానం ఆ 10 యే. ఒక ధ్వని తరంగంలో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో 1,024 కొలతల నుంచి నేరుగా లెక్కకడితే 10,48,576 గుణకారాలు అవుతాయి. 1965లో గణితవేత్తలు జేమ్స్ కూలీ, జాన్ టూకీ ప్రచురించిన పద్ధతి సమస్యను సగాలుగా విడదీస్తూ పోతుంది. అప్పుడు పని 1,024 ఇంటూ 10, అంటే పదివేల చిల్లర స్థాయికి దిగుతుంది. దక్షత అన్న మాట ఎందుకు కావాలో మీ విద్యార్థులకు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపించండి.

బహువచనం సంగతి: ‘అల్గారిథం’ అని సున్నతో రాస్తే అది మన పుస్తకం, ఫారం లాంటి మాటల్లో చేరినట్టే. పుస్తకాలు, ఫారాలు అన్నట్టే అల్గారిథాలు, అల్గారిథానికి. ‘అల్గారిథమ్‌లు’ కూడా వాడుకలో ఉన్నదే, తప్పనను. పాఠమంతా ఏదో ఒకటే వాడండి. నేనైతే ‘దక్షత గల అల్గారిథాలు’ అని రాస్తాను.