ఉప్పుగాలికి ఏ పూలమొక్కలు నిలుస్తాయి?

ప్రశ్న: మా అమ్మాయి చీరాల దగ్గర, సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఇల్లు కట్టుకుంది. ఇసుక నేల, ఎడతెగని గాలి. ఇక్కడి నుంచి తీసుకెళ్లి నాటిన గులాబీలు నెలకే మాడిపోయాయి. రంగురంగుల పూలు పూసే మొండి మొక్కలేవి? మా చెలక మట్టి పది బస్తాలు పంపమంటారా? ఇంట్లో మూడేళ్ల మనవరాలు ఉంది.
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: మీరు పంపిన ఫొటోలో గులాబీ చెట్టంతా వాడలేదు. సముద్రం వైపు ఆకులే, అంచుల నుంచి మాడాయి. అది నీటి ఎద్దడి కాదు, గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర. యూరియా చిక్కగా కలిపి పిచికారీ చేస్తే మిరప ఆకు అంచులు ఎలా మాడతాయో మీకు తెలిసిందే. మట్టి మార్చినా ఆ గాలి మారదు. కాబట్టి బస్తాల ఖర్చు పెట్టుకోకండి. ఇసుకలో కలపడానికి బాగా చివికిన పశువుల ఎరువు చాలు.

ముందు గాలికి అడ్డం కావాలి. గన్నేరు ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది, కానీ వేరు నుంచి పువ్వు దాకా విషం. చిన్నపిల్ల తిరిగే ఇంట్లో నేను వద్దనే అంటాను. పచ్చగన్నేరూ వద్దు. సముద్రం వైపు కాగితం పూల మొక్కలు వరుసగా పెట్టించండి. ముళ్లుంటాయి, నడిచే దారికి ఎడంగా ఉండాలి. వేళ్లూనాక నీరు తగ్గిస్తేనే విరగబూస్తాయి. మనం పువ్వనుకునే ఆ రంగు రేకులు నిజానికి ఆకులే. మధ్యలోని సన్నని తెల్లని గొట్టాలే అసలు పూలు.

ఆ వరుస చాటున ఎరుపు, పసుపు కలిసిన గైలార్డియా, నేల మీద పరుచుకునే గడ్డి గులాబీ వేయండి. రెండింటికీ ఇసుక నేలే నచ్చుతుంది.

మట్టికి బదులు మీ గట్ల మీది తంగేడు గింజలు పంపండి. నీరు పోసే దిక్కు లేకపోయినా పూసే ఈ మొక్క తీరప్రాంతపు పొడి నేలల్లోనూ పెరుగుతుంది. మీ అమ్మాయి బతుకమ్మకు పువ్వు వెతుక్కోనక్కరలేదు. గింజ పొట్టు గట్టిది. పొయ్యి మీంచి దించిన వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, నేరుగా గుంతలోనే విత్తాలి. తల్లివేరు లోతుకు దిగే మొక్క కనుక పెద్దయ్యాక పీకి నాటితే బతకడం కష్టం.

జూలై, ఆగస్టు నెలల్లో నాటితే అక్టోబరు, నవంబరు తుపాన్ల నాటికి వేళ్లు పట్టుకుంటాయి. గాలి బాగా వీచిన మర్నాడు పొద్దున్నే ఆకులను మంచినీటితో కడగమనండి. అంతకుముందే బోరు నీటిని పరీక్ష చేయించాలి. ఆ నీరే ఉప్పుదైతే కడిగిన ఫలితం ఉండదు.