ట్రైలర్ పైకప్పు: రబ్బరా, టీపీఓనా, ఫైబర్‌గ్లాసా?

ప్రశ్న: మా ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) పైకప్పు మార్చాలి. ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు పొర), టీపీఓ (ప్లాస్టిక్ రకం పొర), ఫైబర్‌గ్లాస్, అల్యూమినియంలలో ఏది మేలు? ఇప్పుడున్నది ఏదో కూడా తెలియడం లేదు.

జవాబు: ముందు ఉన్నదేదో తేల్చుకోండి. పైకప్పు వెంట్ (గాలి వెళ్లే కిటికీ) లోపలి ఫ్రేమ్ విప్పి, పొర కోసిన అంచు చూడండి. పొర అడుగుభాగం నల్లగా ఉంటే సాధారణంగా ఈపీడీఎం, లేత రంగైతే టీపీఓ. అరచేత్తో రుద్దితే సుద్దపొడి అంటడం పాత ఈపీడీఎం లక్షణం.

సొంతంగా వేసుకునేవారికి మా ఓటు ఈపీడీఎంకే. మెత్తగా సాగుతుంది, మూలల్లో ఒదుగుతుంది. పెట్రోలియం ద్రావకాలు తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది. కడగడానికి సబ్బునీళ్లు చాలు. టీపీఓ కాస్త బిరుసు, కానీ అతుకులను వేడిగాలితో వెల్డ్ చేయొచ్చు. ఫైబర్‌గ్లాస్ కొమ్మల గీతలకు తట్టుకుంటుంది. బరువెక్కువ, ఫ్రేమ్ మెలితిరిగితే పగుళ్లిస్తుంది. అల్యూమినియం మన్నుతుంది గానీ వానచప్పుడు భరించాలి.

అసలు నీళ్లు కారేది పొరలోంచి తక్కువ, వెంట్లు, అంచుల దగ్గరే ఎక్కువ. అక్కడ మామూలు సిలికాన్ పూయొద్దు: రబ్బరుకు సరిగా పట్టదు, పైగా దాని మీద తర్వాత మరేదీ అతకదు. పైన స్క్రూ తలల మీద దానంతటదే పరుచుకునే ల్యాప్ సీలెంట్ (అతుకులు మూసే జిగురు), నిలువు అంచులకు జారని రకం వాడండి. కొత్త పొర పరిచేముందు ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగితే ఆ ముక్క కోసి మార్చాల్సిందే.