అమ్మమ్మ గారి వీణ ఏళ్లుగా అటక మీదే ఉంది. బాగు చేయించి వాయించాలా, అలాగే దాచి పెట్టాలా?

బాగు చేయించండి, వాయించండి. నా సమాధానం అదే. మీ అమ్మమ్మ గారి వీణ బాపట్లలో అటక మీద ఉండిపోయిందని, మెట్ల కింది మైనం బీటలు తీసి, స్వరస్థానాలు చూపే ఆ కంచు మెట్లు కొన్ని ఊడి వచ్చేశాయని, మీకేమో దాన్ని అమెరికాలో డాలస్ తీసుకెళ్లి మళ్లీ సాధన మొదలెట్టాలనుంటే ఇంట్లో పెద్దవాళ్లు "కదిపితే పాత వస్తువు పాడైపోతుంది, అద్దాల బీరువాలో పెట్టుకో" అంటున్నారని రాశారు. వాళ్ల భయం ఉత్తి భయం కాదు, తెలియని చేతుల్లో పడి పాడైపోయిన పాత వీణల్ని నేనూ చూశాను. కాకపోతే వీణలో ఏది కాపాడుకోవాలి, ఏది మార్చుకోవాలి అన్నది అది తయారైన తీరులోనే ఉంది, అది తెలిస్తే మీ ఇంట్లో వాదన సగం తీరిపోతుంది.

మా పెద్దత్త గారిది బొబ్బిలి వీణ. ఆవిడ పోయాక చాలా ఏళ్లు ఆ ఇంట్లోనే ఒక గదిలో గుడ్డ చుట్టి పెట్టేరు, తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు మా ఇంటికి వచ్చింది. చిన్నప్పుడు నేను సరళీ స్వరాలు నేర్చుకుంది దాని మీదే, అందుకని వేరేవాళ్లకి ఇచ్చెయ్యడానికి మనసొప్పలేదు. వచ్చేసరికి తీగలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి, మైనం ఎండిపోయి ముట్టుకుంటే పెచ్చులు ఊడుతోంది, తీగలు బిగించే బిరడా ఒకటి విరిగిపోయింది, కుండ (నాదం పలికే గుండ్రటి బోలు భాగం) మీద మూతలా ఉండే పలక మీద సన్నగా నెర్రె (చీలిక) ఉంది. ముందు దగ్గర్లో ఫర్నిచర్ పాలిష్ చేసే ఒకాయన చూసి "మొత్తం గీకేసి కొత్త పాలిష్ కొడదాం, అద్దంలా మెరుస్తుంది" అన్నాడు, నాకు గుండె ఆగినంత పనైంది, వద్దని చెప్పి ఇంట్లోవాళ్లని ఒప్పించి గొల్లపల్లి తీసుకెళ్లాను.

గొల్లపల్లి బొబ్బిలి పక్కనే. బొబ్బిలి వీణలంటాం గానీ ఆ వీణలు పుట్టేది అక్కడే, సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్లు తరతరాలుగా ఈ పనిలో ఉన్నారు, 2011లో ఈ వీణకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. పనస దుంగ తీసుకుని కుండ, దండి (మెట్లు ఉండే పొడవాటి భాగం) అన్నీ అందులోంచే తొలుస్తారు, అతుకుండదు. మా వీణని చూసిన పెద్దాయన ముందు తీగలన్నీ వదులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కుండ చుట్టూ తట్టుకుంటూ వచ్చేడు, టార్చి వేసి నెర్రె ఎంత లోతుందో చూసేడు, చూసి "చెక్క బాగుందమ్మా, మిగతాయన్నీ మార్చుకునేవే" అన్నాడు. మీకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. పెంకుటింటికి ఎప్పటికప్పుడు పెంకులు నేయిస్తాం చూడండి, గోడలూ దూలాలూ అవే ఉంటాయి, వీణలో మైనం, తీగలు, గుర్రం (తీగలు ఆనే చెక్క) మీద రేకు అలాంటివే, మళ్లీ మళ్లీ చేయించుకోవాలనే వాటిని అలా పెట్టారు.

మైనం సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు సమస్య అదే. దండికి రెండు వైపులా తేనెమైనంలో మసి కలిపి గట్టులా పోస్తారు, దాని మీద కంచు మెట్లు నిలబెడతారు, మొత్తం 24, స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. మెట్టు ఎక్కడ కూర్చోవాలో కొలబద్ద పెట్టి గీసుకోరు, శ్రుతి పెట్టి చెవితో వింటూ, మైనం మెత్తగా ఉండగానే మెట్టుని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి స్వరం పలికిన చోట నొక్కుతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. మా వీణకి ఆయన మేళం కడుతుంటే పక్కనే కూర్చుని చూశాను, ఒక్కో మెట్టుకీ కింది స్వరంతో పోల్చి, పై స్థాయితో పోల్చి, మళ్లీ మొదటికొచ్చి, నన్ను వాయించమని, నా వేలు తీగని ఎంత నొక్కుతోందో ఎలా లాగుతోందో చూసి దాని ప్రకారం సర్దేడు. కాబట్టి పాత మైనం పోతే అమ్మమ్మ గారి వీణ పోయినట్టు కాదు, ఆవిడ వాయించిన రోజుల్లో కూడా ఎండలకి మెత్తబడి, ఎండిపోయి, ఎన్నోసార్లు మేళం మళ్లీ కట్టించే ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్లని అడగండి గుర్తుండచ్చు.

ఈ 24 మెట్లు కూడా మొదటినుంచీ ఉన్నవి కావు. 1550లో విజయనగరం అళియ రామరాయల దగ్గరున్న రామామాత్యుడు స్వరమేళకళానిధి అని ఒక గ్రంథం రాశాడు, అందులో రకరకాల వీణల గురించి ఉంది, అప్పట్లో ఒక్క రాగానికి సరిపోయేలా మెట్లు పెట్టుకునే పద్ధతీ ఉంది, అన్ని రాగాలూ పలికేలా పెట్టుకునే పద్ధతీ ఉంది. తర్వాత 17వ శతాబ్దం మొదట్లో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో 24 మెట్లు స్థిరంగా ఉండే ఇప్పటి వీణ నిలబడిందంటారు, ఆయన ఆస్థానం తెలుగు కవులతో నిండిన ఆస్థానం, ఆయనే తెలుగులో కావ్యాలు రాశాడు, అందుకే ఈ వాద్యం మీద మనకి కొంచెం మమకారం ఎక్కువ ఉన్నా తప్పులేదనుకుంటాను. మెట్లు స్థిరపడ్డాక కూడా వాటి కింద మైనం మాత్రం అలాగే ఉంది చూడండి, చెక్కలో కోసి బిగించెయ్యలేదు. ఎవరి చెవికి, ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు మేళం కట్టించుకునే వీలు అలా మిగిలింది.

ఇంకోటి గుర్రం. తీగలు ఆనే ఆ చెక్క గుర్రం మీద కంచు రేకు ఉంటుంది, చూడ్డానికి చదునుగా ఉన్నట్టుంటుంది గానీ కొంచెం వంపు ఉంటుంది, వీణ నాదంలో ఆ ఝంకారం అంతా ఆ వంపు వల్లే. సర్ సి.వి.రామన్ గారు 1921లో మన తీగ వాద్యాల మీద ఒక పరిశోధన పత్రం రాశారు, తీగని ఎక్కడ మీటితే ఏ అనుస్వరాలు (అసలు స్వరంతోపాటు సన్నగా వినిపించే పై స్వరాలు) పలకకూడదని పాత సూత్రం చెబుతుందో అవి కూడా వీణ, తంబురాల్లో నిండుగా పలుకుతున్నాయని, కారణం తీగ ఆ వంపు రేకుని తాకుతూ ఊగడమేనని అందులో చూపించారు (ఆయన స్కూలు చదువు మన విశాఖపట్నంలోనే సాగింది). ఏళ్ల తరబడి తీగలు ఆని ఆ రేకు మీద గాడులు పడతాయి, గాడి పడితే నాదం మూసుకుపోతుంది. మా వీణకి రేకుని సన్నగా అరగదీసి మళ్లీ వంపు తెచ్చేక మీటితే ఆ నాదంతో గదంతా నిండిపోయింది, మా అమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆవిడకి పెద్దత్త గారి వాయింపు బాగా తెలుసు.

ఇప్పుడు ముట్టుకోకూడనివి. చెక్క మీద పాత పాలిష్, రంగు, చెక్కడాలు, దండి చివర ఉండే యాళి (సింహం లాంటి పురాణ జంతువు) తల, ఇవి ఎంత మాసినా గీకనివ్వకండి, మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నెర్రె ఉంటే ఫెవికాల్, ఎపాక్సీ పోయనివ్వకండి, జంతు చర్మంతో చేసే పాతకాలపు జిగురైతే రేపు అవసరమొస్తే వేడీ తడీ తగిలించి విప్పుకోవచ్చు, ఎపాక్సీ పడిందంటే ఇక చెక్క కోయాల్సిందే. బిరడాలు తీసేటప్పుడు ఒక్కో దానికి దారంతో చీటీ కట్టండి, ఏ బిరడా ఏ కన్నంలోదో దానికే అరిగి సరిపోయి ఉంటుంది, కలిసిపోతే శ్రుతి నిలబడదు. పని మొదలెట్టక ముందు అన్ని వైపులా ఫొటోలు తీయండి, మార్చిన ముక్కలు ఒక్కటి కూడా పారేయకుండా సంచిలో వేసి వీణతోపాటే ఉంచండి, మా పెద్దత్త గారి పాత గుర్రం రేకు, విరిగిన బిరడా ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. పురుగు అనుమానం ఉంటే తెల్ల గుడ్డ మీద కొన్నాళ్లు పెట్టి చూడండి, కొత్తగా పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా ఉన్నట్టే, దాని సంగతి చూశాకే మిగతా పని.

"అద్దాల బీరువా" అనేవాళ్లకి రెండు వయొలిన్ల గురించి చెప్పండి. ఇటలీలో వయొలిన్లు చేసిన స్ట్రాడివారీ 1716లో చేసిన మెస్సయ్య అనే వయొలిన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది, కొత్తదిలా మెరుస్తూ ఉంటుంది, వాయించరు. 1743లో గ్వార్నేరి చేసిన కన్నోనే అనే వయొలిన్ పేరుపొందిన వయొలిన్ విద్వాంసుడు పగనీనిది, ఆయన దాన్ని తను పుట్టిన జెనోవా ఊరికి రాసిచ్చాడు, ఆ ఊరివాళ్లు జాగ్రత్తగా కాపాడుతూనే పగనీని పేరు మీద జరిగే పోటీలో గెలిచినవాళ్ల చేత వాయిస్తారు. ఇంకో విషయం, స్ట్రాడివారీ వయొలిన్లలో దాదాపు అన్నిటికీ ఆ తర్వాతి కాలంలో మెడ మార్చేశారు, పెద్ద హాళ్లలో వినపడాలని లోపలి కర్ర కూడా మార్చారు, అయినా అవి స్ట్రాడివారీలు కాకుండా పోలేదు. మెస్సయ్యని అలా ఉంచడం కూడా అవసరమే, పాత పనితనం ఎలా ఉండేదో చూసి నేర్చుకోవడానికి ప్రపంచంలో అలాంటివి కొన్ని ఉండాలి. మీ వీణ మీద ఏదైనా పాత శాసనం లాంటి రాత ఉన్నా, పేరున్న విద్వాంసుల చేతిదని ఇంట్లో ఆధారం ఉన్నా నేనూ ముందు మ్యూజియం వాళ్లకి చూపించమనే అంటాను. మామూలుగా ఇంట్లో వాయించుకున్న వీణైతే మాత్రం బీరువాలో పెడితే నాదమూ పోతుంది, నేర్చుకునే పిల్లలూ ఉండరు.

డాలస్ తీసుకెళ్లే ముందు రెండు విషయాలు తప్పకుండా చూసుకోండి. వీణ వయసు వందేళ్లు దాటితే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దాన్ని మనం సొంతంగా దేశం దాటించకూడదు, వయసు అంత లేదనుకుంటే పురావస్తు శాఖ దగ్గర అది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకుంటే ఎయిర్‌పోర్టులో ఇబ్బంది ఉండదు. రెండోది దంతం. పాత వీణల అంచుల్లో తెల్లటి నగిషీ ఏనుగు దంతం కావచ్చు, ఎముక కావచ్చు, ప్లాస్టిక్ కూడా కావచ్చు. దంతమైతే వన్యప్రాణి చట్టం ఉంది, ఆసియా ఏనుగు 1975 నుంచి సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, ఇక ఆ వీణని ఇక్కడే ఉంచాలి, అమ్మడానికీ లేదు. నగిషీ పీకించేసి తీసుకెళ్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి దయచేసి, అంతకంటే ఆ వీణ ఇక్కడ మీ వాళ్లలో నేర్చుకునే పిల్లకి ఇచ్చి, మీరు అక్కడికి వేరే వీణ కొనుక్కోవడం నయం, విప్పి రెండు భాగాలుగా పట్టుకెళ్లేవి ఇప్పుడు దొరుకుతున్నాయి.

అడ్డంకి లేకపోతే గట్టి పెట్టె చేయించండి, తీగలు బాగా వదులు చేసి, గుర్రం కింద మెత్తటి గుడ్డ పెట్టి సర్దండి. అక్కడ ఎండాకాలం కారు డిక్కీలో మాత్రం వదలకండి, తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి మెట్లు జరిగిపోతాయి. చలికాలం హీటర్ వేస్తే గాలి పొడిబారి పనస చెక్క నెర్రెలు తీస్తుంది, గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోండి, చిన్న మీటరు ఒకటి కొనుక్కుంటే సరి.

పనివాళ్ల కోసం బొబ్బిలి దాకా వెళ్లలేకపోతే మీకు నూజివీడు దగ్గర, అక్కడ కూడా తరాలుగా వీణలు చేసే ముస్లిం కుటుంబం ఉంది. లేదంటే దగ్గర్లో వీణ నేర్పే టీచర్లని అడగండి, మేళం ఎవరు బాగా కడతారో వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ముందైతే అటక మీంచి దించి గాలి తగిలే గదిలో చాప మీద పెట్టించండి, పలక గుర్రం దగ్గర కుంగిందేమో పక్కనుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, కుంగి ఉంటే పని పెద్దది, ఖర్చూ పెరుగుతుంది, అది చూశాక మిగతాది చెప్తాను.