బర్టన్‌పోర్ట్ రైలు గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయ్,

ఐర్లండులోని డోనెగల్ కౌంటీలో మూతపడ్డ రైలు దారుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. వాక్యం శుభ్రంగా ఉంది. కానీ మూడో పేజీలో “కాలప్రవాహంలో ఆ పట్టాలు కనుమరుగయ్యాయి” అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. కాలం పట్టాలు పీకదమ్మా. మనుషులు సంతకాలు పెట్టి, పాతినుముకి లెక్కగట్టి, కూలీల చేత పీకిస్తారు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. దానికంటే ముందు ఈ మాట విను. మూసేసిన రైలు కథ ఎత్తుకోవాల్సింది పట్టాలు వేసిన రోజు నుంచి. డబ్బు ఎవరిచ్చారు, స్టేషన్ ఎక్కడ కట్టారు? ఈ రెండూ తేల్చకుండా ఆఖరి రైలు గురించి ఒక్క ముక్క కూడా రాయకు.

లెటర్‌కెన్నీ నుంచి బర్టన్‌పోర్ట్ దాకా దాదాపు 50 మైళ్లు. నువ్వు 1903 అని తేదీ వేసి ముందుకెళ్లిపోయావు. కరువు ప్రాంతానికి బతుకుతెరువు దొరుకుతుందని, రేవులో చేపలు బయటి సంతకి పోతాయని ప్రభుత్వం సొమ్ము పెట్టి వేయించిన దారి అది. చవగ్గా తేల్చాలని ఊళ్లని పక్కన వదిలేసి, కొండల్లోంచి, బురదనేలల్లోంచి లాక్కుపోయారు. ఫాల్‌కారా అని బోర్డున్న స్టేషన్ ఫాల్‌కారాకి మైళ్ల దూరం. స్కాట్లాండులో బంగాళాదుంపలు తవ్వడానికి పోయే పిల్ల మూట మోసుకుని అంత దూరం నడవాలి, రైలెక్కి డెర్రీలో దిగాలి, అక్కడ గ్లాస్గో ఓడ పట్టుకోవాలి. ఇంటి గుమ్మం ముందుకి బస్సొస్తే ఆ పిల్ల ఇంక స్టేషన్ మొహం చూస్తుందా?

ఆ బస్సు ఎవరిదనుకున్నావు? ఆ రైలు నడిపిన లాఫ్ స్విల్లీ కంపెనీదే. 1929 నుంచీ బస్సుల్లోకి దిగింది. 1953లో రైళ్లు పూర్తిగా ఆపేసి, 2014 దాకా పేరులో ‘రైల్వే’ అట్టే పెట్టుకుని బస్సులు తిప్పింది. బర్టన్‌పోర్ట్ దారిని 1940లో మూసి, యుద్ధంలో పెట్రోలు దొరక్క దారి మధ్యలో ఉన్న గ్వీడోర్ దాకా మళ్లీ తెరిచి, 1947లో మళ్లీ మూశారు. ఆ తెరవడం నీ వ్యాసంలో లేనే లేదు! అక్కర పడితే నడిపించగలిగారని చెప్పే సాక్ష్యం అదొక్కటే కదా.

ఐర్లండు విభజన గురించి ఒక వాక్యంతో సరిపెట్టావు. జనం సరుకులకీ, ఓడకీ పోయే డెర్రీ సరిహద్దు అవతల, బ్రిటిష్ పాలనలో ఉండిపోయింది. అసలే నష్టాల్లో ఉన్న చిన్న రైళ్లకి సరిహద్దు దగ్గర కస్టమ్స్ తనిఖీ. గోరుచుట్టు మీద రోకటిపోటు. అయినా అదే కౌంటీలోని ఇంకో కంపెనీ, కౌంటీ డోనెగల్ రైల్వేస్ వాళ్లు, 1931లోనే డీజిల్ రైల్‌కార్లు, అంటే ఇంజను తనలోనే ఉన్న పెట్టెలు, దింపారు. పొలం గట్టు దగ్గర చెయ్యెత్తితే ఆపి ఎక్కించుకునేవాళ్లు. హెన్రీ ఫోర్బ్స్ అనే మేనేజరు పట్టుదల అది. 1959 డిసెంబరు 31 వరకూ ఆ బళ్లు లాక్కొచ్చాయంటే ఆయన చలవ చాలా ఉంది. ఆయన పేరే ఎత్తలేదు నువ్వు.

మా వైపు కాకినాడ–కోటిపల్లి లైనుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ రైలొచ్చింది 2004లో. ఆ మధ్యకాలంలో, కుర్రతనంలో, ద్రాక్షారామం, రామచంద్రపురం అరుగుల మీద కూర్చుని ముసలాళ్లని అడిగి రాసుకున్నాను. రైలు పోయాక కొబ్బరికాయల బండికి ఎంత కిరాయి ఇచ్చుకున్నారో ఒకాయన వేళ్ల మీద లెక్కగట్టి చెప్పాడు. ఒక సంపాదకుడు ఆ లెక్కంతా కొట్టేసి, “పొగబండి కూత, తాటిచెట్లు ఉంచుదాం, పాఠకుడికి బెంగ పుట్టాలి” అన్నాడు. బెంగ! కిరాయి కట్టలేక కాయలు అయినకాడికి అమ్ముకున్నవాడి బెంగ కాదు, ఆదివారం కాఫీ తాగుతూ చదివేవాడి బెంగ. ఇప్పటికీ ఆదివారం అనుబంధాలకి ఆ జబ్బు వదల్లేదు. నువ్వు వాళ్ల కోసం రాయకు.

బర్టన్‌పోర్ట్ దారిలోని ఓవెన్‌కారో వంతెన పేరా మాత్రం నన్ను కదిలించింది. 1925 జనవరి 30 రాత్రి గాలికి పెట్టెలు పట్టాలు తప్పడం, కప్పు ఊడిపోవడం, కిందపడి నలుగురు చనిపోవడం. మిగిలిన స్తంభాల కింద నిలబడి చూసి రాశావని తెలుస్తోంది. తక్కినవన్నీ కూర్చున్నచోట రాసినట్టున్నాయి.

సెలవు దొరికిన రోజున ఫాల్‌కారా ఊళ్లోంచి ఆ పాత స్టేషన్ దాకా నడువు. బరువు మోసుకుంటూ నడువు. దారిలో ఎవరైనా పెద్దవాళ్లు కనిపిస్తే, వాళ్లింట్లో వాళ్లు ఓడెక్కడానికి ఎలా వెళ్లేవారో, బస్సొచ్చాక ఎంత మిగిలిందో అడుగు. అది రాసి పంపు. ఫోటోలు వద్దు.