కిడ్నీ మార్పిడి తర్వాత నెలల తరబడి ఇంట్లోనే ఉండాలంటే: నేను ఎలా నెట్టుకొచ్చానంటే

మీ తమ్ముడికి కిడ్నీ మార్పిడి అయింది, వచ్చే వారం డిశ్చార్జి, మూడు నెలలు బయటికి పంపొద్దన్నారు, ఇప్పటికే మాట్లాడటం తగ్గించేశాడు, పాజిటివ్‌గా ఎలా ఉంచాలి అని అడిగారు. ముందుగా ఒకటి చెప్తా, ఏమీ అనుకోకండి. ఆ 'పాజిటివ్‌గా ఉండు' అన్న మాట మాత్రం అతని ముందు అనకండి. నాకు ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అదే చెప్పారు. వాళ్ల అభిమానం కాదనను గానీ, రాత్రి మూడింటికి నిద్ర పట్టక మంచం మీద కూర్చున్నవాడికి అది ఇంకో డ్యూటీ వేసినట్టే ఉంటుంది. మందులు టైముకి వేసుకోవాలి, నీళ్లు కొలిచి తాగాలి, పైగా నవ్వుతూ కూడా ఉండాలా అని చిరాకు పుడుతుంది.

నా సంగతి చెప్తా. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, కిడ్నీ ఇచ్చింది మా అమ్మ. మాది హన్మకొండ. చెకప్‌లకి దగ్గరగా ఉంటుందని హాస్పిటల్ పక్కనే ఒక పోర్షన్ అద్దెకి తీసుకున్నాం. మూడు నెలలే కదా అనుకుంటే మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25న, సరిగ్గా ఉగాది నాడు, దేశమంతా లాక్‌డౌన్. ఇక ఊరికి పోయేది లేదు. మూడు నెలలన్నది ఏడాది దాటింది. 2021 మార్చిలో 45 దాటి జబ్బులున్నవాళ్లకి టీకాలు మొదలైతే వేయించుకున్నా, హమ్మయ్య అనుకునేలోపే సెకండ్ వేవ్ వచ్చి మళ్లీ గదిలో పడ్డా.

మొదట తెలుసుకోవాల్సింది, అతని మూడ్‌లో కొంత మాత్రల పని. ప్రెడ్నిసలోన్ ఉంటుంది కదా, ఆ స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది, ఆకలి పెంచుతుంది, ముఖం గుండ్రంగా ఉబ్బిస్తుంది, ఊరికే కోపం, ఊరికే ఏడుపు తెప్పిస్తుంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందు ట్యాక్రోలిమస్, దాంతో కొంతమందికి చేతులు వణుకుతాయి. ఉప్మాలో ఉప్పు తక్కువైందని నేను కళ్లనీళ్లు పెట్టుకున్నానంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది, ఆ రోజు మాత్రం లోకమంతా నామీద పగబట్టినట్టే అనిపించింది. ఇదంతా మందు వల్ల కూడా కావచ్చని, డోసు మెల్లమెల్లగా తగ్గిస్తారని, అప్పుడు చాలావరకు సర్దుకుంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేనేదో పిరికివాడినైపోయానని అన్ని రాత్రులు కుమిలేవాడిని కాదు. మీరు అతనికి ఇప్పుడే చెప్పండి. వీడియో కాల్ వద్దంటే బలవంతపెట్టకండి, అద్దంలో తన ముఖం తనకే కొత్తగా ఉంటుంది ఆ రోజుల్లో. అలాగని మందు ఎక్కువైందేమో అని సొంతంగా డోసు తగ్గించడం, మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, కిడ్నీకే ముప్పు.

రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, తిండి మానేస్తే, 'నన్నెందుకు బతికించారు' లాంటి మాట ఒక్కసారి వినపడినా, ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. నిద్రమాత్రలు, ఆయుర్వేదం పొడులు, పక్కింటాయన చెప్పిన కషాయం, ఏదీ అడక్కుండా ఇవ్వొద్దు, వాటిలో కొన్ని రక్తంలో ట్యాక్రోలిమస్ లెవెల్‌ని అటూఇటూ చేస్తాయి. మాట్లాడటానికి ఎవరూ లేరనిపిస్తే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబర్ 14416 ఉంది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్‌లో మొదలైంది, నా టైములో ఇది లేదు.

ఇక రోజు గడవడం. నా మట్టుకు నన్ను నిలబెట్టింది ధైర్యవచనాలు కాదు, టైమ్‌టేబుల్. ట్యాక్రోలిమస్ ఎలాగూ పన్నెండు గంటల తేడాతో వేసుకోవాలి కాబట్టి పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది అని రెండు మేకులు కొట్టుకున్నా, మధ్యలో వచ్చేవన్నీ వాటికే తగిలించా. ఒక నోట్‌బుక్ పెట్టుకుని బీపీ, టెంపరేచర్, బరువు, తాగిన నీళ్లు, పోసిన మూత్రం అన్నీ రాసేవాడిని. మూత్రం జార్‌లో పట్టి కొలవడం మొదట్లో సిగ్గుగా ఉంటుంది, వారం తిరిగేసరికి క్రికెట్ స్కోరులా ఇంట్లో అందరూ అడుగుతారు.

నీళ్ల గురించి ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. డయాలసిస్ చేయించుకున్నవాళ్లకే తెలుస్తుంది ఇది. అప్పట్లో నాకు రోజుకి ముప్పావు లీటరే లెక్క, అందులోనే టీ, అందులోనే మజ్జిగ, మాత్రలకి గుక్కెడు. వేసవిలో నాలుక పిడచకట్టుకుపోతే ఐసుముక్క బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడిని. అలాంటివాడికి మూడు లీటర్లు తాగమన్నారు! కాచి చల్లార్చిన నీళ్లు స్టీలు చెంబు నిండా పోసుకుని గటగటా తాగి, ఇంకో చెంబు పోసుకుని, ఎవరూ తిట్టట్లేదేమిటా అని చుట్టూ చూశా. మీ తమ్ముడు డయాలసిస్ మీద ఉన్నవాడైతే, ఎప్పుడైనా బాగా డల్ అయిన రోజున వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు ఆ మిషన్ పక్కన పడుకున్న సంగతి మీరు గుర్తుచేయకండి, అతని చేతికి ఒక చెంబు ఇవ్వండి చాలు. ఎన్ని లీటర్లన్నది మాత్రం అతని డాక్టర్ చెప్పిందే లెక్క.

చుట్టాల విషయం కాస్త గట్టిగా ఉండాలి. మనవాళ్లకి రోగిని చూడకపోతే తప్పు చేసినట్టు ఉంటుంది, పళ్ల కవరు, హార్లిక్స్ సీసా పట్టుకుని దిగుతారు. వద్దని చెప్పే పని అతనికి పెట్టకండి, మీలో ఒకరు తీసుకోండి. మా ఆవిడ అందరికీ ఒకటే మాట చెప్పేది, 'లోపలికి రానిచ్చానని తెలిస్తే డాక్టర్ నన్ను తిడతాడు, అన్నయ్యా' అని. దాంతో కోపం డాక్టర్ మీదకి పోయేది, మేం బతికిపోయేవాళ్లం. అలాగని పూర్తిగా తలుపులు మూసేయకండి. గేటు అవతల కుర్చీ వేసి, మాస్కు పెట్టించి, కిటికీలోంచి పదినిమిషాలు మాట్లాడనివ్వండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు, స్కూలుకెళ్లే చిన్నపిల్లలు ఆ గేటు దగ్గరికి కూడా వద్దు.

ఇంకో ముఖ్యమైనది, అతనికి ఏదైనా పని అప్పగించండి. బరువులెత్తే పని కాదు, కుట్లు మానేదాకా బిందె కూడా ఎత్తకూడదు. అతను చేయకపోతే ఆగిపోయే పని ఒకటుండాలి. నాకు మా మేనకోడలు దొరికింది. పదో తరగతి, మూడు పేపర్లు రాశాక పరీక్షలు వాయిదా పడ్డాయి, లెక్కలంటే దానికి హడల్. రోజూ సాయంత్రం ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని త్రికోణమితి చెప్పేవాడిని, అది నోట్సు ఫొటో తీసి పంపితే ఎర్ర పెన్నుతో దిద్దినట్టు ఫోన్‌లోనే దిద్దేవాడిని. నా చేతి వణుకుకి ఆ గీతలు ఎలా వచ్చేవో, 'మామయ్యా, ఇది సైన్ కర్వా, టిక్కు మార్కా' అనేది. తీరా జూన్ 8న ప్రభుత్వం పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేసేసింది. దానికి పండగ, నేను రెండు రోజులు అలిగినంత పనిచేశా. ఆ తర్వాత ఇంటి ఖర్చుల లెక్కలు, అమ్మ బీపీ మాత్రల డబ్బా నింపడం నా చేతికొచ్చాయి.

అమ్మ అంటే గుర్తొచ్చింది. మీ ఇంట్లో కిడ్నీ ఎవరిచ్చారో మీరు రాయలేదు. ఇంట్లోవాళ్లే ఇచ్చి ఉంటే, అతని మౌనానికి అదీ ఒక కారణం కావచ్చు. అమ్మ పక్కగదిలో మెల్లగా గోడ పట్టుకుని నడుస్తుంటే నాకు అన్నం దిగేది కాదు, ఆవిడకేమో అదేం పట్టేది కాదు. దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ వేస్తున్నారని పొద్దున తొమ్మిదింటికీ రాత్రి తొమ్మిదింటికీ టీవీ ముందు కూర్చునేది, హిందీ ముక్క రాకపోయినా కైకేయిని తెలుగులో తిట్టేది. ఒకరోజు అడిగేశా, ఎందుకమ్మా ఇచ్చావు అని. 'నువ్వు మళ్లీ కడుపు నిండా నీళ్లు తాగితే చూద్దామని, టీవీకి అడ్డం తప్పుకో' అంది. ఇలాంటి మాట పైకి రావాలి, లోపల పెట్టుకుంటే పెరిగిపోతుంది. ఇచ్చినవాళ్లతో ఒక్కసారి నేరుగా మాట్లాడనివ్వండి.

రిపోర్టుల టెన్షన్ వేరే కథ. ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పంపే ఆ కాగితం కోసం పొద్దుటినుంచీ ఫోన్ చూస్తూ కూర్చుంటాం. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.2 నుంచి 1.3 అయితే చాలు, ఒళ్లు కిడ్నీని తిప్పికొడుతోందేమో అని గూగుల్ తెరిచి రిజెక్షన్ అని కొట్టేస్తాం. నీళ్లు తగ్గినా, ట్యాక్రోలిమస్ లెవెల్ పెరిగినా అది కొంచెం అటూఇటూ అవుతుంది, అందుకే అంకె డాక్టర్‌కి పంపి ఆయన ఏమంటాడో వినాలి. మా ఇంట్లో రిపోర్టు ముందు మా ఆవిడ ఫోన్‌కే వచ్చేలా మార్చుకున్నాం, ఆవిడ డాక్టర్‌తో మాట్లాడాక నాకు చెప్పేది. జ్వరం, మూత్రం తగ్గడం, కిడ్నీ పెట్టినచోట నొప్పి, ఇవి మాత్రం ఆగేవి కావు, అర్ధరాత్రైనా ఫోన్ చేయాల్సిందే.

మొదటి నెల కంటే రెండో నెల కష్టం. మొదట్లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడతారు, ఇతనొక్కడే అదే గదిలో ఉంటాడు. ఫ్రెండ్స్‌లో ఇద్దరు ముగ్గురికి ఇప్పుడే చెప్పి ఉంచండి, మొదటివారం కాదు, నలభై రోజుల తర్వాత కాల్ చేయమని, చేసినప్పుడు ఆరోగ్యం గురించి అడగకుండా ఆఫీసు గొడవలో, సినిమా గోలో మాట్లాడమని.

మీరూ కాస్త చూసుకోండి. చూసుకునేవాళ్లు రోజుకో గంటైనా ఆ గది వదిలి బయటికి పోవాలి, అతనికి కూడా మీ ముఖం నుంచి విరామం కావాలి.

డిశ్చార్జి లోపు బాల్కనీ ఒకసారి చూడండి. పావురాల రెట్ట ఉంటే అతను రాకముందే ఎవరితోనైనా తడిపి శుభ్రం చేయించి నెట్ కట్టించండి, దాంట్లోంచి ఫంగస్ ఇన్ఫెక్షన్లు వస్తాయి. కుండీల్లో మట్టి పని కూడా అతనికి వద్దు. లెవెల్ టెస్ట్ ఉన్న రోజు పొద్దున ట్యాక్రోలిమస్ వేసుకోకుండా, వెంట పట్టుకెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ఇంటికొచ్చాక తిండి గురించి సందేహాలుంటే మళ్లీ అడగండి, మా ఆవిడతో రాయిస్తా, అది ఆవిడ డిపార్ట్‌మెంట్.